అడుగున చేరిన ఉప్పు

మార్కాపురం డివిజనులో ఆహార భద్రత అధికారిగా పనిచేసి రిటైరయ్యాక నా దగ్గర మిగిలినవి రెండు: ఒక పొడుగాటి స్టీలు గరిటె, ఒక ఛార్జి మెమో. గరిటె వంటింట్లో ఉంది, మెమో బీరువాలో ఉంది. ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చినవాళ్ళు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. చట్టం వాళ్ళకు నాకంటే బాగా వచ్చు, సెక్షన్లు పొల్లుపోకుండా అప్పజెబుతారు. ఆ మెమో ఎందుకొచ్చిందో మాత్రం మొహమాటపడి అడగరు. వాళ్ళు అడగకపోయినా నేను చెప్పాల్సింది అదే కాబట్టి ఇది రాస్తున్నాను.

ముక్కుతో చేసే ఉద్యోగం

మా నాయన దొనకొండ దగ్గర గొర్రెలు మేపేవాడు. నేను మార్కాపురం కాలేజీలో కెమిస్ట్రీ చదివి ఈ ఉద్యోగం తెచ్చుకుంటే, ఏం పని చేస్తావని అడిగాడు. దుకాణాల్లో సరుకు తీసి పరీక్షకు పంపుతానని చెప్పాను. "అట్లయితే జనం తినకముందు నువ్వు వాసన చూసే పని" అన్నాడు. జబ్బు చేసిన గొర్రెను ఆయన మందలోకి పోయి వాసన పట్టి చెప్పేవాడు. ఆయన లెక్కలో నాదీ అలాంటి పనే, కాకపోతే జీతం వస్తుంది.

ఆయన అన్నదాంట్లో చాలా నిజం ఉంది. కాగితాలు ఎవరైనా నింపుతారు. ముక్కిన నూనె వాసన, పులిసిన పాకం వాసన, తడిసి ఎండిన కారం వాసన తెలియనివాడు ఈ ఉద్యోగానికి పనికిరాడు. అది పుస్తకంలో రాదు, తిరిగితేనే వస్తుంది.

తిరిగిన ఇన్నేళ్ళలో నేను జనంతో ఎక్కువగా వాదించింది ఒక తెల్లపొడి గురించి. దాని పేరు సోడియం బెంజోయేట్. చూడడానికి మెత్తటి ఉప్పు మాదిరే ఉంటుంది, రసాయనశాస్త్రం ప్రకారం లవణమే. షర్బత్తుల్లో, సాసుల్లో, కొన్ని పచ్చళ్ళలో బూజు పట్టకుండా కొద్దిగా వేస్తారు. చట్టం ఒప్పుకున్నదే, కొలత దాటకూడదంతే. కిలో నిమ్మ షర్బత్తుకు గ్రాము కూడా నిండదు. పైగా అది పులుపు ఉన్న చోటే సరిగ్గా పనిచేస్తుంది. పులుపు లేని సరుకులో వేసి బూజు ఆగలేదని దాన్ని తిట్టడం మన తప్పు.

నాకు ఎదురైనవాళ్ళు రెండు రకాలు. ఆ పొడి పేరు చెబితే విషం అని పారిపోయేవాళ్ళు ఒకరు. దాన్ని నమ్ముకుని మిగతా జాగ్రత్తలన్నీ గాలికొదిలేసేవాళ్ళు ఇంకొకరు. మొదటివాళ్ళతో ఇబ్బంది లేదు. రెండోవాళ్ళ కోసమే మనకు జీతమిస్తున్నారు.

గిద్దలూరులో ఒక బేకరీ యజమాని ఉండేవాడు. రొట్టెకు వేసేది ఇంకో లవణం, కాల్షియం ప్రొపియోనేట్. ఈయన రొట్టెకు రెండో రోజే బూజు వచ్చేది, ఈయన పొడి పెంచేవాడు, మళ్ళీ బూజు వచ్చేది. చివరికి రొట్టె నోట్లో పెడితే అదోరకం వాసన. కేసు రాసే ముందు ఒక పొద్దంతా ఆయన బేకరీలో నిలబడ్డాను. తొలి బస్సుకు అందించాలని పొగలు కక్కుతున్న రొట్టెను అట్లాగే ప్లాస్టిక్ కవర్లోకి తోస్తున్నారు. కవరు లోపలంతా చెమట. ఆ తడిలో బూజు పట్టక ఏం పడుతుంది? రొట్టె చల్లారనియ్యి, ఒక ఫ్యానుకు ఖర్చు పెట్టుకో అని చెప్పాను. పొడి కంపెనీ మారిస్తే సరిపోదా సార్ అని ఆయన బేరం. ఫ్యాను పెట్టాక పొడి కొలతకు వచ్చింది, బూజూ పోయింది. పొడి ఎక్కువ పోసిన చోట ఎక్కడో ఒక సోమరితనం దాగి ఉంటుందని నేను అప్పుడు నేర్చుకున్నాను. ఆ మాట ఇప్పటికీ అంటాను. అయితే సోమరితనం ఒక్కోసారి దుకాణదారుది కాకుండా మనదే కావచ్చు.

గరిటె సారు

నా మొదటి ఆఫీసరును దుకాణాలవాళ్ళు గరిటె సారు అనేవాళ్ళు. ఎక్కడికి పోయినా ఆయన సంచిలో మూర పొడుగు స్టీలు గరిటె ఉండేది. పాల క్యాను గానీ నూనె పీపా గానీ, అడుగు నుంచి పైదాకా పదిసార్లు కలిపితే తప్ప శాంపిలు తీసేవాడు కాదు. "కలపకుండా తీస్తే నువ్వు తీసింది సరుకు కాదు నాయనా, దాంట్లో ఒక పొర" అని నాకు చెప్పేవాడు. మనిషి మహా చాదస్తం. టీ కొట్టులో టీ ఇచ్చినా చెంచా అడిగి అడుగు దాకా తిప్పేవాడు. పరీక్షించే చోట పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకూడదన్న నియమం కూడా నాకు ఆయన నుంచే వచ్చింది.

ఆయన రిటైరవుతూ ఆ గరిటె నా చేతికిచ్చాడు. నేను దాన్ని ఆఫీసు బీరువాలో పెట్టి తాళం వేశాను. కొత్త మోటార్ సైకిలు మీద పోయే కుర్ర ఆఫీసరు సంచిలోంచి గరిటె బయటికి కనబడితే నామోషీ అనిపించింది. పాలు, నూనె అయితే అక్కడ దొరికిన గరిటెతో కలిపేవాణ్ణి. మిగతావాటికి అవసరం లేదని నాకు నేనే ఒక రూలు రాసుకున్నాను. కొన్నేళ్ళు గడిచాక నా రూలు నాకు చట్టమైపోయింది.

తర్లుపాడులో చెప్పిన పాఠం

తర్లుపాడు మండలంలో ఒక పల్లె. చర్చి వెనక వీధిలో తొమ్మిదిమంది ఆడవాళ్ళు కలిసి నిమ్మ షర్బత్తు చేయడం మొదలుపెట్టారు. వాళ్ళ పెద్ద సువార్తమ్మ. అంతకుముందు ఏళ్ళ తరబడి పలకల ఫ్యాక్టరీలో పలకలు సైజు చేసేది, పని లేనప్పుడు మిరప కోతలకు పోయేది. రాతిదుమ్ముకు దగ్గు పట్టుకుంటే ఆ పని మానేసి ఇది పెట్టుకుంది. తక్కిన ఎనిమిదిమందీ కూలి పనులు వదులుకుని ఆమెను నమ్ముకుని వచ్చారు.

మండలంలో ఇలాంటి సంఘాలన్నిటికీ నేను ఒక శిక్షణ తరగతి పెట్టాను. బెంజోయేట్ సంగతి చెబుతుంటే సువార్తమ్మ లేచి, ఇది మందు గదా సార్, పిల్లకాయలు తాగితే ఏం గాదా అని అడిగింది. దానికి నా దగ్గర ఒక రెడీమేడ్ జవాబు ఉండేది. ప్రతి ఊళ్ళో అదే చెప్పేవాణ్ణి, ప్రతి ఊళ్ళో బాగా పండేది. "మందు కాదమ్మా, ఇదీ ఒక ఉప్పే. ఆవకాయలో ఉప్పు ఎంత పద్ధతిగా వేస్తారో దీన్నీ అంతే పద్ధతిగా వేయండి" అన్నాను. అందరూ నవ్వారు, భయం పోయింది. నేనూ మురిసిపోయాను.

ముందు గోరువెచ్చని నీళ్ళలో కరిగించుకుని ఆ తర్వాతే పులుపులో పోయాలని ఆ రోజు చెప్పానా? చెప్పే ఉంటానని అనుకుంటాను. ప్రమాణం చేయమంటే మాత్రం చేయలేను.

రేపు రాండి సార్

ఆ వేసవిలో పానీయాల శాంపిళ్ళు ఎక్కువ తీయమని పైనుంచి ఆర్డరు వచ్చింది. అప్పటికే రెండు చోట్ల తీసి, మిట్టమధ్యాహ్నం సువార్తమ్మ వాళ్ళ రేకుల షెడ్డుకు పోయాను. శుభ్రంగా అలికిన నేల, ఒక పక్క కడిగి బోర్లించిన సీసాలు, బల్ల మీద అడుగున కుళాయి ఉన్న పెద్ద స్టీలు డ్రమ్ము. డ్రమ్ము మూతికి తెల్లగుడ్డ కట్టి ఉంది. శాంపిలు తీయాలన్నాను.

"ఇది ఇంకా కాలేదు సార్. రేపు రాండి" అంది సువార్తమ్మ.

రేపు రమ్మనే మాట నేను కొన్ని వందల సార్లు విన్నాను. కల్తీ చేసిన ప్రతివాడి నోట మొదట వచ్చేది అదే. ఆ రేపటికి సరుకు మాయమైపోతుంది. అందుకే ఆమె అలా అనగానే నాకు అనుమానం రెట్టింపైంది. ఇవాళే తీస్తానన్నాను. గుడ్డ విప్పలేదు, కలపలేదు. కుళాయి తిప్పి ఒక జగ్గు నింపుకుని, ఆ జగ్గులోది నాలుగు సీసాల్లో పోసి, సీళ్ళు వేసి సంతకాలు తీసుకున్నాను. చట్టం ప్రకారం ఒక భాగం పరీక్షకు పోతుంది. తక్కినవి అప్పీలుకు, ఇంకో ల్యాబులో పరీక్షకు దాచిపెడతారు.

నేను బయలుదేరుతుంటే సువార్తమ్మ పాత సీసాలోది ఒక గ్లాసు కలిపి తెచ్చింది. ఎండన పడి వచ్చినారు, తాగిపోండి అంది. వద్దన్నాను. ఎందుకు వద్దో చెప్పలేదు. ఆమె ముఖం ఒక్కసారిగా మారిపోయింది. వెనకనున్న ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చర్చి వీధి ఇంట్లో మంచినీళ్ళు ముట్టని పెద్దమనుషులు ఈ ప్రాంతంలో ఎంతమంది ఉన్నారో నాకు తెలియనిది కాదు. నా నియమం వేరని ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. ఎండకు, తొందరకు చెప్పకుండానే బండెక్కాను.

రిపోర్టు వచ్చింది. బెంజోయేట్ ఉండాల్సినదానికి నాలుగింతలు ఉందని, సరుకు సురక్షితం కాదని అందులో ఉంది. లైసెన్సు ఆపేశారు, కేసుకు కాగితాలు సిద్ధమయ్యాయి. మార్కాపురం బస్టాండు దగ్గర దుకాణాలవాళ్ళు సీసాలు తిరిగి ఇచ్చేశారు. పిల్లలకు మందు కలిపి తాగించారన్న మాట వాళ్ళ సొంత వీధిలోనే పుట్టింది. నాకు మాత్రం ఆ రోజు నా ముక్కు మీద మహా గర్వం కలిగిందని దాచకుండా చెప్పుకోవాలి.

టీ గ్లాసులో నిమ్మరసం

పది రోజులకు సువార్తమ్మ ఒక్కతే మా ఆఫీసుకు వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు. చెంగు ముడి విప్పి ఒక చిన్న పొట్లం బల్ల మీద పెట్టింది. వాళ్ళు కొన్న బెంజోయేట్ వంద గ్రాముల పొట్లం, అందులో సగానికి కాస్త తక్కువ ఇంకా మిగిలి ఉంది. కొన్న దుకాణం వాడినే అడగండి, మేం కొనింది ఈ ఒక్కటే అంది.

"మీ కాగితంలో ఉన్నంత కలపాలంటే ఇట్లాంటివి మూడు పొట్లాలు కావాల సార్. మాకు యాడ నుంచి వచ్చినాయి?"

వేరే చోట కొని ఉంటారని అనబోయి ఆగాను. ఆమె లెక్క సరిగ్గా ఉంది. డ్రమ్ములో పట్టేది ఎంతో నాకు తెలుసు. పొడి ఎలా వేశారో మొదటి నుంచి చెప్పమన్నాను.

"మీరు చెప్పినట్టే వేసినాం. ఆవకాయకు ఉప్పేసినట్ల. నిమ్మరసంలో పొడి ఏసి, పైన పాకం పోసి, గుడ్డ కట్టినాం. మూడో రోజు తిరగ కలుపుతాం. అంతదాకా చెయ్యి పెట్టం."

మన ఇళ్ళలో ఆవకాయ అంతే గదా. ఉప్పూ కారమూ వేసి జాడీ మూతికి గుడ్డతో వాసెన కట్టి, మూడో రోజు విప్పి తిరగ కలుపుతారు. అంతవరకు దాన్ని కదపడం పద్ధతి కాదు. నేను పద్ధతిగా వేయమన్నాను, వాళ్ళు నా మాట తు.చ. తప్పకుండా పాటించారు.

నేను వచ్చింది ఎన్నో రోజని అడిగాను.

"రెండో రోజు. రేపు రాండి అంటిని గదా సార్" అంది.

బయట సోడాబండి దగ్గర నుంచి ఒక నిమ్మకాయ తెప్పించి ఖాళీ టీ గ్లాసులో పిండాను. ఆమె పొట్లంలోంచి చిటికెడు పొడి అందులో వేశాను. చదువుకునే రోజుల నుంచీ ఇది నాకు తెలిసిన సంగతే. బెంజోయేట్‌ను కరిగించకుండా నేరుగా పులుపులో వేస్తే అది వెంటనే తెల్లటి పలుకులుగా మారిపోతుంది. అవి అంత తేలిగ్గా కరగవు. మేమిద్దరం చూస్తుండగానే రసం తెల్లబడి, పలుకులు మెల్లగా గ్లాసు అడుక్కు దిగాయి. డ్రమ్ములో జరిగిందీ అదే. వేసిన పొడిలో చాలా భాగం అడుగున కూర్చుంది, కుళాయి ఉన్నది అడుగున, నేను నింపింది మొదటి జగ్గు.

మూడో రోజు వాళ్ళు మామూలుగా కలిపి సీసాల్లోకి ఎత్తారు. దుకాణాలకు పోయిన ఆ సీసాల్లో కొలత సరిగ్గానే ఉండి ఉంటుంది. తప్పంతా నా నాలుగు సీసాల్లోనే ఉంది.

"మరి అప్పీలు చేసుకోమంటున్నారు గదా సార్. చేసుకుంటే పోతాదా?" అని అడిగింది సువార్తమ్మ.

అప్పీలుకు పోయే సీసాలోనూ ఉన్నది ఆ జగ్గులోదే. ఎన్ని ల్యాబులకు పంపినా అదే అంకె వస్తుంది. ఆ తొమ్మిదిమంది నేరస్తులని ప్రతి పరీక్షా మళ్ళీ మళ్ళీ రుజువు చేస్తుంది. అది అబద్ధమని చెప్పగలిగే మనిషి రాష్ట్రం మొత్తం మీద నేనొక్కడినే.

రెండు రోజుల పిరికితనం

మా పై ఆఫీసరు దగ్గరికి పోయి జరిగింది చెప్పాను. ఆయన చెడ్డవాడు కాడు, లంచం ముట్టేవాడు కాదు. తలుపు వేసి రమ్మన్నాడు. ఆమె కూడా కరిగించలేదు గదా, తప్పు ఆమెది కూడా ఉందన్నాడు. అది నిజమే. తర్వాత అసలు మాట అన్నాడు. "ఇది నువ్వు కాగితం మీద పెడితే, ఇంతవరకు నువ్వు తీసిన ప్రతి శాంపిలునూ కోర్టులో అడుగుతారు. ఆలోచించుకో."

రెండు రోజులు ఆలోచించాను. నిజం చెప్పాలంటే ఆలోచించలేదు, భయపడ్డాను. పాతికేళ్ళ సర్వీసులో కల్తీవాళ్ళు పంపిన మనుషులకు భయపడలేదు గానీ, ఒక తెల్లకాగితానికి భయపడ్డాను. ఆమెకు వేరే విధంగా సాయం చేద్దామా, లాయరును చూపిద్దామా అని దొంగదారులు వెతికాను. చివరికి నన్ను పట్టి లాగింది ఆ తాగని గ్లాసు. ఆ ఇంట్లో నీళ్ళు ముట్టడానికి ఇష్టపడని మనిషే కావాలని కేసు పెట్టాడని వాళ్ళు అనుకుంటూ ఉంటారు. రిపోర్టు అట్లాగే నిలబడితే వాళ్ళు అనుకున్నదే ఆ ఊళ్ళో చరిత్ర అవుతుంది. అది తట్టుకోలేకపోయాను.

మూడో రోజు పొద్దున రాసి పంపాను. పాత్రలోని సరుకును కలపకుండా అడుగు కుళాయి నుంచి నమూనా తీసుకున్నానని, నాలుగు భాగాలూ ఒకే జగ్గులోవని, ఆ నమూనాను బట్టి ఆ పాత్రలోని సరుకు గురించి ఏమీ తేల్చలేమని రాశాను. శిక్షణలో నేను ఇచ్చిన పోలిక వల్లే వాళ్ళు పొడిని అట్లా వేశారని కూడా రాశాను. ఆ వాక్యం అవసరం లేదని మా ఆఫీసరు అన్నాడు. అవసరమని నేను ఉంచాను.

ఇంకో అధికారి వచ్చి దుకాణాలు తిరిగిచ్చిన సీసాల్లోంచి కొత్త శాంపిళ్ళు తీశాడు. కొలత లోపలే ఉంది. కేసు ఆగిపోయింది, లైసెన్సు తిరిగొచ్చింది. నాకు మెమో వచ్చింది, ఇంక్రిమెంటు పోయింది. మా ఆఫీసరు చెప్పిందీ జరిగింది. ఒక నూనె వ్యాపారి లాయరు నా ఉత్తరాన్ని కోర్టులో చూపించి ఆయన్ను బయటపడేశాడు. ఆ నూనె కల్తీదేనని నాకు ఇప్పటికీ నమ్మకం. ఆ శాంపిలు నేను బాగా కలిపే తీశాను. అయినా నా మాట చెల్లలేదు. తప్పు ఒప్పుకుంటే అంతా మంచే జరుగుతుందని మీకు ఎవరైనా చెబితే నమ్మకండి. నష్టం ఉంటుంది, అది ఉందని తెలిసే ఒప్పుకోవాలి.

గ్లాసు

లైసెన్సు తిరిగొచ్చాక బీరువా తెరిచి గరిటె తీసి, సంచిలోంచి బయటికి కనబడేట్టే పెట్టుకుని తర్లుపాడు పోయాను. ఆ యూనిట్ అప్పటికి నా పరిధిలో లేదు, కొత్త అధికారికి ఇచ్చేశారు. పొడిని గోరువెచ్చని నీళ్ళలో కరిగించడం, కలుపుతూ సన్నధారగా పోయడం తొమ్మిదిమందికీ దగ్గరుండి చేసి చూపించాను. ఈసారి ఏ పోలికా చెప్పలేదు. అంతా విని సువార్తమ్మ, మూడో రోజు తిరగ కలిపేది మాత్రం మానమని చెప్పింది. మానొద్దన్నాను.

పని అయ్యాక నేనే అడిగాను, ఒక గ్లాసు షర్బత్తు ఇస్తావా అమ్మా అని.

సువార్తమ్మ నా వైపు తిరిగింది. "ఆ పొద్దు ఎందుకు తాగలేదు?" అంది.

పరీక్షకు పోయిన చోట ఏమీ ముట్టకూడదని మా పెద్దాయన నేర్పిన నియమం చెప్పాను. ఎవరింట్లోనైనా అంతేనని, గిద్దలూరు బేకరీలో ఒక పొద్దంతా నిలబడి కూడా బిస్కెట్ ముక్క తినలేదని చెప్పాను.

"ఆ మాట నోరు తెరిచి చెప్పుంటే మేం ఇన్ని దినాలు ఏడ్చేవాళ్ళం కాదు గదా. కేసుకు కాదు సార్, దానికి" అంది.

తప్పైందమ్మా అన్నాను. సర్వీసులో ఆ మాట పైవాళ్ళతో చాలాసార్లు అన్నాను, మనసారా అన్నది అదొక్కసారే.

ఆమె గ్లాసు కడిగి డ్రమ్ము దగ్గరికి పోయింది. కుళాయి మీద చెయ్యి వేసి, మళ్ళీ తీసేసింది. డ్రమ్ము మూతికి కట్టిన గుడ్డ విప్పి, నా వైపు తిరిగి గరిటె కోసం చెయ్యి చాపింది.

"ఉండండి సార్. కలిపి ఇస్తా."